తెల్చ్: డబ్బుతో లేచిన ఊరు, డబ్బు లేక నిలిచిన ఊరు

క్లుప్తంగా: చెక్ దేశంలో సుమారు 5 వేల జనాభా ఉన్న తెల్చ్ పట్టణపు పాత కేంద్రం 1992లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. 16వ శతాబ్దపు ఇళ్ల వరుసలు అక్కడ నిలవడానికి ఆ గుర్తింపు కారణం కాదు. ఒక ప్రభువు పెట్టిన ఖర్చు, ఆ తర్వాత దాదాపు మూడు శతాబ్దాలు ఊరికి పెద్ద డబ్బు రాకపోవడం, చివర్లో వచ్చిన చట్టం కలిసి దాన్ని నిలబెట్టాయి. ఇప్పుడు కూల్చివేత భయం లేదు. గోడల్లోకి ఎక్కే తేమ, దానికి సరిపడని సిమెంటు, మేడపై కాపురాలు ఖాళీ అయ్యే అవకాశం, ఇవే అసలు సమస్యలు.

ఐరోపా యాత్రల ఫొటోల్లో తెల్చ్ చౌక్ తరచుగా కనిపిస్తుంది. లేత పసుపు, గులాబి, ఆకుపచ్చ రంగుల్లో ఇరుకైన ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. కింద కమానుల వసారా, పైన మెట్లుమెట్లుగా చెక్కిన గోడ శిఖరాలు. చూసినవాళ్లకు వెంటనే వచ్చే అనుమానం, ఇది పర్యాటకుల కోసం కట్టిన సెట్టింగేమోనని. రెండో అపోహ దీనికి పూర్తిగా తలకిందులు. యునెస్కో డబ్బిచ్చి, సిబ్బందిని పెట్టి ఊరిని కాపాడుతోందని కొందరు నమ్ముతారు. రెండూ నిజం కావు. ఆ ఇళ్లలో చాలావాటికి సొంతదారులున్నారు, పైకప్పు కారితే బాగుచేయించుకోవాల్సింది వాళ్లే.

## గుర్తింపు వల్ల వచ్చేది ఎంత?

ప్రాగ్, చెస్కీ క్రుమ్లోవ్, తెల్చ్ మూడూ 1992 డిసెంబరు సమావేశంలో ఒకేసారి జాబితాకెక్కాయి. అప్పటికి దేశం పేరు చెకోస్లోవాకియా. ఆ నెలాఖరుకే అది రెండుగా విడిపోయింది. చెక్ దేశానికి ఇప్పుడు 17 ప్రపంచ వారసత్వ స్థలాలున్నాయి. వాటిలో చివరిది 2023లో చేరిన జాతెత్స్, బీరులో వాడే హాప్స్ పండించే ప్రాంతం.

జాబితాలో చేరినంత మాత్రాన యాజమాన్యం మారదు. ప్రపంచ వారసత్వ నిధి చిన్నది, అది ప్రధానంగా పేద దేశాలకు, అత్యవసర పరిస్థితులకు ఉద్దేశించింది. చెక్ పట్టణంలో ఒక ఇంటి గచ్చు ఊడితే దానికి ఆ నిధి నుంచి పైసా రాదు. కాపాడతామని మాట ఇచ్చింది ఆ దేశ ప్రభుత్వం. ఆ మాటను నిలబెట్టేది ఆ దేశ చట్టం. యునెస్కో చేతిలో ఉన్నది ప్రశ్నించడం, నివేదిక అడగడం, మరీ పాడైతే పేరు తీసేయడం.

2021లో రామప్ప గుడికి ఇదే గుర్తింపు వచ్చినప్పుడు తెలుగు పాఠకులకు ఈ జాబితా దగ్గరైంది. రామప్ప ఒకే కట్టడం. దాని బాధ్యత కేంద్ర పురావస్తు శాఖది. తెల్చ్‌లో గుర్తింపు పొందింది కాపురాలుండే ఊరి నడిబొడ్డు. ఒక అధికారి చేతిలో ఒక తాళంచెవి ఉండే వ్యవహారం కాదు. పదుల కొద్దీ ఇళ్ల సొంతదారులు, దుకాణదారులు, చర్చి, పురపాలక సంఘం, కోట మేడను చూసుకునే ప్రభుత్వ సంస్థ కలిస్తేనే పని జరుగుతుంది. ఈ తేడా పట్టుకోకపోతే తర్వాతి విషయమంతా గజిబిజిగానే ఉంటుంది.

## నిప్పు నేర్పిన ఇల్లు

తెల్చ్ చెక్ దేశపు తూర్పు భాగమైన మొరావియా నైరుతి మూలలో, విసోచినా ఎత్తుభూముల మీద, సముద్రమట్టానికి 500 మీటర్లు దాటిన చోట ఉంది. 1339లో ఇది హ్రాదెత్స్ ప్రభువుల చేతికి వచ్చింది. పాత స్థావరం పక్కన కోట, చెరువులు, పొడవాటి త్రికోణం లాంటి చౌక్‌తో కొత్త పట్టణం వేసింది ఆ వంశమే. 1386లో అగ్నిప్రమాదం జరిగి కొయ్య ఇళ్లు దాదాపు కాలిపోయాయి. 1530లో మళ్లీ నిప్పంటుకుంది.

ఇంటి ఆకారాన్ని నిర్ణయించింది స్థలం కొలత. చౌక్ వైపు ముఖభాగం ఇరుకు, వెనక్కి మాత్రం ప్రాకారం దాకా పొడవు. చౌక్ మీద దుకాణానికి చోటు దొరకడమే లాభం కాబట్టి అందరికీ కాస్త కాస్త ముఖభాగం పంచారు. అంత ఇరుకులో ఇల్లు కడితే పక్క ఇంటితో ఉమ్మడి గోడ తప్పదు. కొయ్య గోడైతే ఒక ఇంటి నిప్పు వరుసంతా పాకుతుంది. రాతి, ఇటుక గోడను కప్పు కంటే పైకి లేపితే నిప్పు అక్కడ ఆగుతుంది. చౌక్ వైపు కప్పును దాచేస్తూ లేచిన గోడ శిఖరాలకు అందం ఒక్కటే ప్రయోజనం కాదు, వెనకున్న కొయ్య కప్పుకు అవి అడ్డుతెర కూడా.

ఈ ఏర్పాటులో ఒక లోపం పుట్టుకతోనే ఉంది. రెండు పక్క ఇళ్ల కప్పులు ఒకే ఉమ్మడి గోడ వైపు వాలితే, వాననీరంతా ఆ మధ్య కాలువలోకి చేరుతుంది. చలికాలంలో అక్కడే మంచు పేరుకుంటుంది. ఆ కాలువ రేకు చిల్లుపడితే నీరు రెండు ఇళ్ల గోడల్లోకి ఒకేసారి దిగుతుంది. మరమ్మతు ఎవరి వాటా అన్న తగాదా ఏ దేశంలోనైనా ఒకటే. ఈ ఊళ్లో గోడ పైభాగంలో తడి మచ్చ కనిపిస్తే ముందు చూడాల్సింది ఈ కాలువనే.

కింది కమానుల వసారాను చెక్ వాళ్లు పొద్‌లౌబీ అంటారు. మేడ ఇంటివాళ్లది, దాని కింద నడక అందరిదీ. వానలోనూ మంచులోనూ సరుకు తడవకుండా బేరం సాగేది. కమాను బరువు నిలువుగానే కాకుండా పక్కలకూ తోస్తుంది. వరుసలో ఒక కమాను తోపును పక్క కమాను ఆపుతుంది. అందుకే మధ్యలో ఒక ఇల్లు కూల్చితే రెండు వైపులా పగుళ్లు రావడం ఖాయం. ఒకరినొకరు నిలబెట్టుకునే ఈ కట్టుబడి కూడా ఆ వరుసలు చెదరకుండా ఉండటానికి ఒక చిన్న కారణం.

ఉలిత్స్కీ, ష్త్యెప్నిత్స్కీ చెరువులు పాత పట్టణాన్ని రెండు వైపుల నుంచి చుట్టుకుని ఉంటాయి. శత్రువుకు అడ్డు, ఊరికి చేపలు, రెండు పనులూ వాటితోనే. కట్ట, తూము, అలుగు ఉన్న చెరువంటే తెలుగు పాఠకులకు వేరే వివరణ అక్కర్లేదు. ఊరి చరిత్రలో వాటి పాత్ర మరొకటి ఉంది. 19వ శతాబ్దంలో చాలా ఐరోపా పట్టణాలు ప్రాకారాలు పడగొట్టి ఆ చోట కొత్త వీధులు వేశాయి. ఇక్కడ పెరగాలంటే నీటి అవతలికి పోవాల్సిందే. కొత్త ఊరు చెరువులు దాటి పెరిగింది, పాత ఊరి గీత అలాగే మిగిలింది.

## జఖరియాష్ ఖర్చు

ఇప్పుడు కనిపించే రూపానికి మూలపురుషుడు హ్రాదెత్స్ వంశపు జఖరియాష్ (మరణం 1589). 1551లో జెనోవా వెళ్లిన చెక్ ప్రభువుల బృందంలో అతనున్నాడు. ఇటలీ మేడలు చూసి వచ్చి, ఆ పద్ధతిలో కట్టే మేస్త్రీలను రప్పించాడు. మధ్యయుగపు గోతిక్ శైలి కోట కాస్తా నివాస ప్రాసాదమైంది. అందులో బంగారు హాలు పైకప్పు మీద 1561 సంవత్సరం కనిపిస్తుంది. తర్వాతి దశ పనులతో ముడిపడిన పేరు బల్దస్సారే మజ్జి, ఆల్ప్స్ దక్షిణ వాలులోని అరోన్యో ఊరివాడు.

ప్రభువు మేడ మారితే ఊరివాళ్లూ ఊరుకోలేదు. అవే మేస్త్రీలు, అదే సున్నం, అవే అచ్చులు. చౌక్‌లో ఇంటి ముఖాలన్నీ కొద్ది దశాబ్దాల్లో కొత్త రూపం తెచ్చుకున్నాయి. ఊరంతా ఒకే చేతి పనిలా కనిపించడానికి కారణం ఇదే. కొన్ని ముఖాలను తర్వాత, 17, 18 శతాబ్దాల బరోక్ శైలి వంపులతో మార్చారు కానీ, కొలతలు మాత్రం అవే ఉన్నాయి.

## ఆగిపోయిన డబ్బు

1604లో హ్రాదెత్స్ మగవారసులు అంతరించారు. ఆస్తి పెళ్లి సంబంధం ద్వారా స్లావతా కుటుంబానికి చేరింది. 1618లో ప్రాగ్ కోట కిటికీలోంచి కిందికి తోసేయగా బతికి బయటపడ్డ విలెం స్లావతా ఈ ఇంటివాడే. తర్వాతి యజమానులకు తెల్చ్ ఉన్న ఎస్టేట్లలో ఒకటి మాత్రమే. ప్రధాన నివాసాలు, ఖర్చులు వేరే చోట్ల. 17, 18 శతాబ్దాల్లో మధ్య ఐరోపా ప్రభువులు పాత మేడలను బరోక్ పద్ధతిలో తిరగరాయించుకుంటుంటే ఇక్కడి ప్రాసాదం జోలికి ఎవరూ పెద్దగా రాలేదు. జెజ్విట్ సన్యాసులు వచ్చి చర్చి, కళాశాల కట్టారు. 1717–1720 మధ్య చౌక్‌లో మేరీ స్తంభం లేచింది. ఇళ్ల వరుసల్ని మాత్రం ఎవరూ కదపలేదు.

రైలు కూడా దీన్ని వదిలేసి వెళ్లింది. వియన్నా నుంచి యిహ్లావా మీదుగా వెళ్లే ప్రధాన మార్గం 1871 నాటికి సిద్ధమైంది. తెల్చ్‌కు బ్రాంచి లైను వచ్చింది 1898లో. అప్పటికి ఫ్యాక్టరీలు ఎక్కడ పెట్టాలో తేలిపోయింది. ఫ్యాక్టరీ లేకపోతే కార్మికులు లేరు, వాళ్లకు నాలుగంతస్తుల అద్దె ఇళ్లు అక్కర్లేదు, చౌక్‌లో బ్యాంకు భవనం కోసం పాత ఇల్లు పడగొట్టే అవసరం రాదు. ఊరి దురదృష్టం అప్పట్లో ఎవరికీ వారసత్వంలా కనిపించి ఉండదు.

## పక్క ఊళ్లలో జరిగింది

ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో పోల్చి చూస్తే తెలుస్తుంది. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న యిహ్లావా ఒకప్పుడు వెండి గనుల పట్టణం, తర్వాత పరిశ్రమల పట్టణం, జిల్లా కేంద్రం. అక్కడ కమ్యూనిస్టు పాలనలో, 1970ల్లో, చౌక్ మధ్యలో ఉన్న పాత ఇళ్ల సముదాయాన్ని కూల్చి, ఆ చోట కాంక్రీటు డిపార్ట్‌మెంటల్ స్టోర్ కట్టారు. పెట్టుబడి వచ్చే చోటికే కూల్చివేత కూడా వచ్చింది.

మోస్త్ పట్టణం కథ మరీ కఠినం. దాని కింద లిగ్నైట్ బొగ్గు ఉంది. పాత ఊరంతా తవ్వకాలకు పోయింది. గోతిక్ చర్చి ఒక్కదాన్ని 1975లో పట్టాల మీద 841 మీటర్లు జరిపి కాపాడారు. తెల్చ్ కింద అలాంటి బొగ్గు లేదు.

దక్షిణాన ఆస్ట్రియా సరిహద్దును ఆనుకుని ఉన్న స్లావోనిత్సే రూపంలో తెల్చ్‌కు చెల్లెలే. అక్కడా ఆగిన వాణిజ్యమే ఇళ్లను నిలిపింది, కానీ దారి వేరు. అక్కడివాళ్లు ఎక్కువగా జర్మన్ భాషీయులు. 1945 తర్వాత వాళ్లను వెళ్లగొట్టారు. ఆపై ఇనుపతెర (కమ్యూనిస్టు దేశాలను పశ్చిమ దేశాల నుంచి విడదీసిన గీత) కాలంలో సరిహద్దు ప్రాంతమై బయటివాళ్లకు దూరమైంది. ఇళ్లు నిలిచాయి, వాటిలో ఉన్నవాళ్లు మారిపోయారు. తెల్చ్ చెక్ భాషీయుల ఊరు కాబట్టి ఇంటివాళ్ల వరస అంతగా తెగిపోలేదు. ఇంటి గోడ చరిత్ర, ఇంటివాళ్ల చరిత్ర ఎప్పుడూ ఒకటి కావు.

## గీతల గోడ ఎలా తయారవుతుంది

ప్రాసాదం మీద, చౌక్‌లో 15వ నంబరు లాంటి ఇళ్ల మీద కనిపించే నలుపు తెలుపు అలంకారం పేరు స్గ్రాఫిటో. దూరం నుంచి చెక్కిన రాళ్లలా, దగ్గరికొస్తే మడిచిన కవరులా కనిపించే గళ్ల నమూనా ఇందులో ఎక్కువ. కొన్ని ఇళ్ల మీద బైబిలు ఘట్టాల బొమ్మలున్నాయి. రాయి కొనలేని చోట రాయిలా కనిపించే గోడ, అసలు రహస్యం అంతే.

పని క్రమం ఇది. గోడను బాగా తడపాలి. ఒక పాలు సున్నానికి దాదాపు మూడు పాళ్ల ఇసుక కలిపి మొదటి పూత వేయాలి. అది గట్టిపడ్డాక, బొగ్గుపొడి లాంటిది కలిపిన ముదురు రంగు పలచటి పూత. అది ఇంకా పచ్చిగా ఉండగానే పైన తెల్ల సున్నం. నమూనా గీసుకుని, ఇనుప పరికరంతో తెలుపును గీకేస్తే కింది ముదురు రంగు బయటపడుతుంది. సున్నం బిగుసుకునేలోపు, అంటే ఆ రోజు కొన్ని గంటల్లోనే, గీకడం అయిపోవాలి. కాబట్టి ఒక్క రోజులో పూర్తి చేయగలిగినంత గోడకే పూత వేస్తారు. ఆ రోజువారీ అతుకులు పరిశీలించి చూసేవారికి ఇప్పటికీ తెలుస్తాయి.

సున్నం సిమెంటులా నీటితో గట్టిపడదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని నెమ్మదిగా తిరిగి సున్నపురాయి అవుతుంది. లోతుకు నెలకు సుమారు ఒక మిల్లీమీటరు అని మేస్త్రీల లెక్క. ఎండ కొట్టి తొందరగా ఆరితే పొడిగా రాలిపోతుంది. గట్టిపడకముందే మంచు పడితే లోపలి నీరు గడ్డకట్టి పూతను పొరలుగా లేపుతుంది. 5 డిగ్రీల కన్నా తక్కువ చలిలో పని మొదలుపెట్టకూడదన్నది ఇందుకే. విసోచినా ఎత్తులో దీనర్థం, ఏడాదిలో గోడ పనికి పనికొచ్చే కాలం వసంతం చివరి నుంచి శరదృతువు మొదటి దాకానే. మరమ్మతు కావాల్సిన ఇళ్లు ఎన్నున్నా మేస్త్రీలు ఆ కొద్ది నెలల్లోనే దొరకాలి.

## సిమెంటు పెట్టే చిక్కు

పాత గోడల పునాదుల్లో తేమను ఆపే పొర ఉండదు. నేలలోని నీరు రాతి సందుల్లోంచి పైకి ఎగబాకుతుంది. సున్నం గచ్చు దాన్ని బయటికి ఆవిరి కానిస్తుంది. మీటరు, మీటరున్నర ఎత్తులో ఎక్కడం, ఆరడం సరితూగుతాయి. మన దగ్గర గానుగ సున్నంతో కట్టిన పాత లోగిళ్లలోనూ ఇదే సూత్రం.

20వ శతాబ్దంలో ఇలాంటి చాలా కట్టడాల అడుగుభాగానికి "గట్టిగా ఉంటుంది" అని సిమెంటు పూశారు. సిమెంటు ఆవిరిని వదలదు. ఆరే చోటు దొరకక నీరు ఇంకా పైకెక్కి, సిమెంటు పూత ముగిసిన అంచున బయటికొస్తుంది. వస్తూ వస్తూ కరిగిన లవణాలను తెస్తుంది. చలికాలంలో రోడ్ల మీద మంచు కరిగించడానికి చల్లే ఉప్పు వీటికి తోడు. నీరు ఆవిరై ఉప్పు స్ఫటికమైనప్పుడు ఆ ఉబ్బుకు గచ్చు పెచ్చులుగా ఊడుతుంది. సరిగ్గా స్గ్రాఫిటో మొదలయ్యే ఎత్తులో ఇది జరిగితే పోయేది నాలుగు వందల ఏళ్ల గీత.

సరిదిద్దే పని అంత తేలిక కాదు. సిమెంటును కొట్టేస్తే దానికి అంటుకున్న పాత రాయి కూడా పగలొచ్చు. చిన్న ఉలితో అంగుళం అంగుళం తీయాలి. ఉప్పును తడి గుజ్జు పట్టీలతో లాగి, తర్వాత ఉప్పును తనలోకి తీసుకుని తానే పాడైపోయే బలి పూత ఒకటి వేస్తారు. కొన్నేళ్లకు దాన్ని తీసి కొత్తది వేయాలి. "పూర్తయింది" అనే మాట ఈ పనిలో లేదు, అదే చాలామంది సొంతదారుల విసుగు.

కిటికీలదీ ఇదే తీరు. మధ్య ఖాళీతో రెండు వరసల తలుపులుండే పాత కొయ్య కిటికీలు కొద్దిగా గాలిని పోనిస్తాయి. వాటి చోట గాలి చొరబడని కొత్తరకం బిగిస్తే వంటింటి ఆవిరికి దారి ఉండదు. అది చల్లటి గోడ మూలల్లో నీరై, నల్ల బూజు పడుతుంది. అధికారులు ప్లాస్టిక్ కిటికీలు వద్దంటే అది రూపం కోసమే అనుకుంటారు. గోడ ఆరోగ్యం కూడా అందులో ఉంది.

ఈ విషయాల మీద పరిశోధన తెల్చ్‌లోనే జరుగుతోంది. చెక్ విజ్ఞాన అకాడమీ యాంత్రిక శాస్త్ర సంస్థకు ఇక్కడ ఒక కేంద్రం ఉంది. గాలి, వాన, వేడి, చలి కృత్రిమంగా కల్పించి కట్టడ పదార్థాలు ఎలా తట్టుకుంటాయో చూసే గాలి సొరంగం అందులో ఉంది.

## అనుమతి దారి

చెక్ దేశంలో దీనికి ఆధారం 1987 నాటి 20వ నంబరు స్మారక పరిరక్షణ చట్టం. పాలన మారినా, సవరణలు పడినా చట్టం అదే. తెల్చ్ పాత కేంద్రం మొత్తం పట్టణ పరిరక్షణ ప్రాంతం. అంటే అక్కడి ఇల్లు విడిగా స్మారకం కాకపోయినా, బయట రంగు మార్చాలన్నా సొంతదారు ముందు అడగాలి.

దరఖాస్తు పురపాలక కార్యాలయానికి వెళ్తుంది. జాతీయ వారసత్వ సంస్థ నిపుణులు రాతపూర్వకంగా అభిప్రాయం చెబుతారు. సొంతదారు కట్టుబడాల్సిన నిర్ణయం కార్యాలయం ఇస్తుంది. నిపుణులది సలహా, నిర్ణయం కార్యాలయానిది. ఈ రెంటినీ కలిపేసుకుని చాలామంది తప్పు గుమ్మం ముందు గొడవపడతారు. ప్రాసాదం జాతీయ సాంస్కృతిక స్మారకం కావడంతో దాని విషయం ప్రాంతీయ ప్రభుత్వ కార్యాలయం చూస్తుంది. స్గ్రాఫిటో లాంటి కళా పనిని సాంస్కృతిక శాఖ లైసెన్సు ఉన్న నిపుణులే ముట్టుకోవాలి, మామూలు మేస్త్రీ కాదు.

ఆలస్యానికి ఎక్కువగా దారితీసేది సరైన కొలతలు, ఫొటోలు లేని దరఖాస్తు. పెద్ద పనికి ముందు ఇంటి నిర్మాణ చరిత్ర పరిశీలన అడగడం మామూలే. ఏ గోడ ఏ శతాబ్దానిదో, ఏ పూత కింద ఏ రంగు ఉందో అందులో తేలుతుంది. రంగుల విషయంలో గోడ మీదే చిన్న నమూనా వేసి చూపిస్తారు. డబ్బాలో కనిపించిన పసుపు గోడ మీద అదే పసుపు కాదు కాబట్టి.

ఖర్చు సొంతదారుదే. చారిత్రక పట్టణాల కోసం సాంస్కృతిక శాఖ 1992 నుంచి నడిపే పునరుద్ధరణ పథకం కింద సాయం దొరకొచ్చు. పట్టణం కూడా తన వాటా వేయాలి, మిగతాది ఇంటివాళ్లు భరించాలి. సున్నం పని సిమెంటు పని కన్నా నెమ్మది, మేస్త్రీలు తక్కువ. సాయం ఆ తేడాను కొంత పూడుస్తుందే తప్ప ఇంటిని ఉచితంగా బాగుచేయదు.

## క్రుమ్లోవ్ చూపించిన దారి

1992లో తెల్చ్‌తో పాటే జాబితాకెక్కిన చెస్కీ క్రుమ్లోవ్ ఇప్పుడు వేరే సమస్యతో సతమతమవుతోంది. సుమారు 13 వేల జనాభా ఉన్న ఆ పట్టణం ప్రాగ్ నుంచి వచ్చే బస్సుల దారిలో పడింది. పాత కేంద్రంలో ఇళ్లు బసలుగా, జ్ఞాపికల దుకాణాలుగా మారాయి. 2018లో కళాకారిణి కాతెరీనా షెదా వెనిస్ వాస్తుకళా ప్రదర్శన కోసం ఒక పని చేసింది. క్రుమ్లోవ్ కేంద్రంలో "మామూలు జీవితం" గడపడాన్ని ఉద్యోగంగా ఇచ్చి, మనుషులను అక్కడ ఉంచింది. బట్టలారేయడం కూడా జీతం పనైన చోట పరిస్థితి ఎంత దూరం వెళ్లిందో చెప్పనక్కర్లేదు. 2019 నుంచి ఆ పట్టణం టూరిస్టు బస్సుల నుంచి రుసుము వసూలు చేస్తోంది.

తెల్చ్ ఆ దారిలో పడకపోవడానికి ముఖ్య కారణం మళ్లీ దూరమే. ప్రాగ్, వియన్నా, బ్ర్నో మూడింటి మధ్యా ఉన్నా, వేటినీ కలిపే ప్రధాన మార్గం మీద లేదు. వేసవిలో కిక్కిరిసినా శీతాకాలంలో చౌక్ ఊరివాళ్లదే. పాత జెజ్విట్ కళాశాలలో మాసరిక్ విశ్వవిద్యాలయ కేంద్రం నడుస్తోంది. ఇలాంటి సంస్థలు సీజను లేని రోజుల్లోనూ మనుషుల్ని తెస్తాయి.

అయితే ఇళ్ల లెక్క తెల్చ్‌లోనూ క్రుమ్లోవ్ వైపే మొగ్గుతోంది. మేడపై గదిని కుటుంబానికి అద్దెకిస్తే వచ్చేది కొద్ది. వేసవి అతిథులకిస్తే ఎక్కువ. చలికాలంలో ఆ గది ఖాళీ, పొయ్యి వెలగదు. వేడి లేని గది గోడలు ఆరవు, కప్పు కాలువ కారినా మార్చి దాకా ఎవరి కంటా పడదు. చట్టానికి గోడ రంగు మీద అధికారం ఉంది. ఆ గోడ వెనక ఎవరు కాపురం ఉండాలన్న దాని మీద లేదు. రాబోయే ఏళ్లలో తెల్చ్ పరిస్థితి చెప్పగల కొలత పర్యాటకుల సంఖ్య కన్నా మరొకటి ఉంది: జనవరి సాయంత్రం చౌక్ మేడల్లో ఎన్ని కిటికీల్లో దీపం వెలుగుతోందన్నది.